ఊరు చిన్నది, స్వామి మాత్రం నగరేశ్వరుడు

ప్రశ్న: సార్, మాది జమ్మలమడుగు దగ్గర చిన్న పల్లె. గట్టిగా లెక్కపెడితే నాలుగు వందల ఇళ్లు ఉండవు. ఊరి మధ్యలో పాత శివాలయం ఉంది, స్వామి పేరు నగరేశ్వరుడు. చిన్నప్పటినుంచీ నాకు ఒకటే అనుమానం, పల్లెలో ఉన్న దేవుడికి నగరం పేరేంది? పూజారిని అడిగితే "మీ తాతల కాలం నుంచీ అదే పేరు నాయనా" అంటాడు, అంతకుమించి చెప్పడు. ఇంకో సంగతి. ధ్వజస్తంభం పక్కన నిలువెత్తు బండ ఒకటుంది, దాని నిండా పాత అక్షరాలు. ఇప్పుడు గుడిలో గ్రానైట్ వేయిస్తున్నారు, ఆ బండ అడ్డమని తీసి పక్కన వేస్తామంటున్నారు. ఏం చేయాలో చెప్పండి.
(ఒక పాఠకుడు, కడప జిల్లా)

జవాబు: బండ సంగతి చివర్లో వివరంగా చెప్తాను. ఈలోపల దాన్ని ఎవరూ కదిలించకుండా చూడండి, అది చాలు.

ఇక పేరు. మనం ఇప్పుడు నగరం అంటే పెద్ద ఊరు, సిటీ అనుకుంటాం. వెయ్యేళ్ల కిందట శాసనాల్లో నగరం, నకరం అనే మాటలకు ఇంకో అర్థం కూడా ఉంది. ఊళ్లో వ్యాపారం చేసేవాళ్లంతా కలిసి కట్టుకున్న సంఘానికి ఆ పేరు. ధరలు, తూకాలు, సంత రోజు, తగాదాలు, గుడికి ఇచ్చే భాగం, ఇవన్నీ ఆ సంఘం కూర్చుని తేల్చేది. ఆ నకరంవాళ్లు నిలుపుకున్న శివుడు నకరేశ్వరుడు, నగరేశ్వరుడు. అంటే మీ స్వామి పేరుకూ ఊరి సైజుకూ సంబంధం లేదు. వ్యాపారుల సంఘానికి ఆయన ఈశ్వరుడు.

ఇది మన దగ్గరే కాదు. కర్ణాటకలో హావేరి జిల్లా బంకాపురం కోటలో నగరేశ్వర ఆలయం ఉంది, అరవై స్తంభాల గుడి అని అక్కడివాళ్లు పిలుస్తారు, ఆ స్తంభాల నునుపు చూస్తే చేత్తో తాకకుండా ఉండలేం. శ్రవణబెళగొళలో 1195లో కట్టిన జైన బసది ఉంది, దాని పేరు నగర జినాలయం. అక్కడ దేవుడు జినుడు, మిగతా కథంతా ఒకటే, వర్తకుల నగరం పోషించిన గుడి కాబట్టి ఆ పేరు. మన పశ్చిమ గోదావరి పెనుగొండలో వాసవీ అమ్మవారి గుడిలో కూడా నగరేశ్వరస్వామే ఉన్నాడు. కథలో అమ్మవారి తండ్రి కుసుమశ్రేష్ఠి కొలిచిన దేవుడు ఆయనే.

ఈ వ్యాపార సంఘాల్లో అన్నిటికంటే పెద్దది అయ్యావళి అయిదువందల స్వాముల సంఘం. అయ్యావళి అంటే ఇప్పటి ఐహోళె, బాగలకోటె జిల్లాలో మలప్రభ ఒడ్డున. బాదామి, పట్టదకల్లు టూర్‌కు పోయినవాళ్లు చూసే ఉంటారు. తొమ్మిదో శతాబ్దం నుంచి కొన్ని వందల ఏళ్లపాటు ఈ సంఘం పేరు కన్నడ, తమిళ, తెలుగు దేశాలన్నిటా శాసనాల్లో కనబడుతుంది. మన తెలుగు శాసనాల్లో వాళ్లను పెక్కండ్రు అన్నారు, స్వదేశి, పరదేశి, నానాదేశి అని విడదీసి చెప్పారు. ఊళ్లో ఉండి అమ్మేవాడు స్వదేశి, వేరే సీమ నుంచి సరుకు తెచ్చేవాడు పరదేశి, ఎక్కడికైనా పోయేవాడు నానాదేశి. వీళ్లు పాటించే కట్టుబాటు పేరు వీర బలంజ ధర్మం. వ్యాపారానికి 'వీర' ఎందుకంటారా? సరుకు గాడిదల మీద, దున్నల మీద వేసుకుని అడవుల్లో నెలల తరబడి నడవాలి, దొంగలు పడతారు, కాబట్టి వెంట కత్తి పట్టేవాళ్లు ఉండాల్సిందే. వాళ్లు తమను తాము ఏమని చెప్పుకునేవాళ్లో వింటే ఒళ్లు పులకరిస్తుంది, అయ్యావళి పరమేశ్వరి బిడ్డలం అని! రాజు బంట్లమని కాదు, ఫలానా కులంవాళ్లమని కూడా కాదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన, భాష కూడా కలవని మనుషులు ఒక అమ్మవారి బిడ్డలమనుకుని ఒక కట్టుబాటు కిందికి వచ్చారు.

నా నమ్మకం చెప్తాను. మనం వ్యాపారానికి దేవుడు అనగానే డబ్బులిచ్చే దేవుణ్ణి వెతుకుతాం. నగరేశ్వరుడు ఆ రకం దేవుడు కాదు. ఆయన సాక్షి. వేరే ఊరివాడు, ముఖం కూడా ఎరగనివాడు, పది గాడిదల సరుకు దించి "రెండు నెలలకు వచ్చి డబ్బు తీసుకుంటా" అని పోవాలంటే మధ్యలో ఏదో ఒకటి ఉండాలి కదా, బాండు పేపరు లేదు, చెక్కు లేదు. గుడి ముందు ఇచ్చిన మాట ఉంది. పైగా మాట తప్పినవాణ్ణి సంఘం వదలదు, అతనితో ఇంకెవరూ బేరం చేయరు. ఈ రెండూ కలిసి పనిచేసేవి.

మీ ఊరు సంగతికి వస్తే, మీకు దగ్గర్లోనే గండికోట ఉంది. 1652లో ఫ్రాన్సు నుంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ అంత దూరం వచ్చి గండికోటలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిశాడు. పెన్న పక్కనున్న ఆ దారులు వ్యాపారానికి కొత్తవి కావు. మీ పల్లె ఒకప్పుడు సంత జరిగిన చోటో, సరుకు దించిన మజిలీయో అయ్యుండొచ్చు. ఆ సంగతి తేల్చగలిగేది ఆ బండే, అందుకే దానిమీద నాకింత ఆత్రం.

ప్రశ్న: నేను హిందూపురం నుంచి రాస్తున్నా. వాసవీ అమ్మవారు పుట్టిన పెనుగొండ మా పెనుకొండే అని మా మామగారు గట్టిగా వాదిస్తారు. మా ఇంట్లో ప్రతి దసరాకు ఇదే గొడవ. ఏది నిజం?
(ఒక పాఠకురాలు)

జవాబు: మీ మామగారికి నా నమస్కారాలు చెప్పండమ్మా. వాసవీ అమ్మవారి పెనుగొండ పశ్చిమ గోదావరి జిల్లాలోది. విష్ణువర్ధనుడనే రాజు అమ్మాయిని కోరడం, ఇష్టంలేని ఆమె అగ్నిప్రవేశం చేయడం, ఆమె వెంట 102 గోత్రాలవాళ్లు అగ్నిలోకి నడవడం, ఈ కథంతా అక్కడిదే. మీ పెనుకొండ ఇదివరకు అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని అక్కడికే మార్చుకున్నారు. ఒక అక్షరం తేడా, రెండూ గొప్ప ఊళ్లే.

అయితే మీ మామగారు చిన్నబుచ్చుకోకుండా ఆయనకు ఒక మాట చెప్పండి. మీకు కూతవేటు దూరంలో ఉన్న లేపాక్షి గుడి కట్టించిన విరూపణ్ణ, ఆయన తమ్ముడు వీరణ్ణ ఎవరి కొడుకులో తెలుసా? నంది లక్కిశెట్టి కొడుకులు. శెట్టి అనే మాట శ్రేష్ఠి నుంచి వచ్చింది, అంటే వర్తకుల పెద్ద. అచ్యుతరాయల కాలంలో, అంటే 1530ల ప్రాంతంలో, విరూపణ్ణ పెద్ద ఉద్యోగంలో ఉండి కూర్మశైలం అనే గుట్ట మీద వీరభద్రుడికి ఆ గుడి ఎత్తించాడు. కప్పు మీది బొమ్మల్లో అన్నదమ్ములిద్దరినీ చూడొచ్చు. ఈసారి పోయినప్పుడు వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఫోటో దిగి వచ్చేయకండి, మెడ నొప్పి పుట్టినా సరే కాసేపు తల పైకెత్తి ఆ బొమ్మల్లోని బట్టలు చూడండి. చీరల అంచులు, గళ్లు, పువ్వులు, ఒకదానిమీద ఉన్న డిజైన్ ఇంకోదానిమీద ఉండదు. ఆనాడు బజారులో ఎలాంటి నేత అమ్మేవాళ్లో ఆ కప్పు మీద పరిచి పెట్టారు. ఇప్పటికీ నేతవాళ్లు, డిజైన్లు గీసేవాళ్లు ఆ అంచులను చూసి గీసుకుంటారు.

ప్రశ్న: అన్నా, నేను ఆదోనిలో మండీలో పనిచేస్తా. రైతుకిచ్చే లెక్క చీటీ, అదే తక్‌పట్టీలో కమీషన్, హమాలీ, కాటా కూలితోపాటు ఒకప్పుడు 'ధర్మం' అని కూడా రాసేవాళ్లని పెద్దవాళ్లు చెప్తారు. ఈ ధర్మం ఎవరికి పోయేది? ఇది పాత ఆచారమా, మండీవాళ్లు పెట్టుకున్నదా?
(ఒక యువకుడు, కర్నూలు జిల్లా)

జవాబు: తమ్ముడూ, నీ ప్రశ్న చదవగానే మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన ఒక పత్తి మండీలో గుమాస్తా. సాయంత్రం కాటా అయిపోయాక తక్‌పట్టీ రాసేటప్పుడు నేను పక్కన కూర్చునేవాణ్ణి. ఎర్ర అట్ట వేసిన పొడుగు ఖాతా పుస్తకం, పైన పసుపు రాసి శ్రీరామజయం, కింద గీతలు. ధర్మం గడిలో పైసలు రాసి, ఆ పైసలు అప్పటికప్పుడే గల్లాపెట్టెలోంచి తీసి గోడకు కొట్టిన చిన్న డబ్బాలో వేసేవాడు. మర్నాడు వేద్దాంలే అనేవాడు కాదు. "రాసింది ఒకచోట, డబ్బు ఒకచోట ఉండకూడదురా" అనేవాడు. ఏడాదికోసారి ఆ డబ్బా తెరిచి గుడికి, చలివేంద్రానికి, బీదపిల్లల పుస్తకాలకు ఇచ్చేవాళ్లు.

ఆచారం మాత్రం చాలా పాతది. కాకతీయుల కాలం శాసనాల్లో మగమ అనే మాట వస్తుంది. వ్యాపారులు తమంతట తాము సరుకుమీద ఇంత అని వేసుకుని దేవుడికి ఇచ్చుకునే భాగం అది. తమిళంలో మగమై అంటారు. రాజు వేసే సుంకం వేరు, ఇది వేరు. ఓరుగల్లులో దొరికిన ఒక శాసనంలో వర్తకులు ఏ సరుకుకు ఎంతో ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయారు. ఆవాలు, తేనె, నువ్వుల నూనె, నెయ్యి, పసుపు, అల్లం, తగరం, సీసం, రాగి, చందనం, కస్తూరి. చదువుతుంటే కిరాణా కొట్లోకి అడుగుపెట్టినట్టే ఉంటుంది, ఆ వాసనలు కూడా తగులుతాయి.

రాజు సుంకం ఎలా ఉండేదో తెలియాలంటే మోటుపల్లి పోవాలి. బాపట్ల జిల్లాలో సముద్రం ఒడ్డున చిన్న ఊరు, ఒకప్పుడు పెద్ద రేవు. అక్కడి వీరభద్రస్వామి గుడిలో కాకతి గణపతిదేవుడి అభయ శాసనం ఉంది, 1244 నాటిది. అంతకుముందు గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులో సరుకంతా రాజులు లాగేసుకునేవాళ్లు. గణపతిదేవుడు అది మానేశాడు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవాడి సొమ్ము మేం ముట్టుకోం, ముప్పైలో ఒక వంతు సుంకం తప్ప ఇంకేమీ అడగం అని బండమీద చెక్కించి అందరికీ కనబడేచోట నిలబెట్టాడు. తర్వాత 1358లో కొండవీటి రాజు అనవోత రెడ్డి కూడా అదే రేవులో అలాంటి అభయమే ఇచ్చాడు. దాన్ని కూడా చెక్కించాడు. చూడు, వందేళ్లు దాటినా రాజులు మారినా వ్యాపారికి కావలసింది ఒకటే, రేటు ఎంతో ముందే తెలియాలి, మధ్యలో మారకూడదు.

నీ ప్రశ్నలో అడగని మాట ఒకటి నేనే చెప్తాను, కోపం తెచ్చుకోకు. ధర్మం పేరు మీద తీసిన డబ్బు డబ్బాలోకి పోయినంతకాలం రైతు దాన్ని తప్పుపట్టలేదు. సూట్ అనే తరుగు పేరుతో క్వింటాకు కిలోలకు కిలోలు కొట్టేయడం మొదలయ్యాక రైతుకు తక్‌పట్టీలో ప్రతి గీత మీదా అనుమానమే. దానికి తప్పు రైతుది కాదు. సూటును ఆచారం అనేవాళ్లను నేను చూశాను. ఏ శాసనంలోనూ అలాంటిది నాకు కనబడలేదు, ఇచ్చేది వ్యాపారి తన లాభంలోంచి ఇచ్చాడు, ఎదుటివాడి తూకంలోంచి కాదు. నువ్వు కాటా దగ్గర ఉంటావు కాబట్టి ఇది నీ చేతుల్లో ఎంతో కొంత ఉంది.

ప్రశ్న: మా అవ్వ జొన్నలు కొలిచేటప్పుడు ఒకటి అనదు, 'లాభం' అంటుంది, తర్వాత రెండు, మూడు. ఎందుకు?
(ఎనిమిదో తరగతి విద్యార్థిని, అనంతపురం)

జవాబు: మొదటి కొలత మంచిమాటతో మొదలవ్వాలని బంగారూ. ఇచ్చేవాళ్లకూ పుచ్చుకునేవాళ్లకూ ఇద్దరికీ లాభం కావాలని. అవ్వ కొలిచేటప్పుడు పక్కన నిలబడి విను, వీలైతే ఫోన్లో రికార్డు చేసి పెట్టుకో. ఇప్పుడు అంతా కిలోల్లో తూకం, కొలతతోపాటు ఆ మాట కూడా పోతోంది.

ప్రశ్న: మన వ్యాపారులు విదేశాల్లో కూడా గుళ్లు కట్టారని విన్నాను. నిజమేనా? మాది ప్రొద్దుటూరు, మా అంగడి బంగారం బజారులో.
(ఒక పాఠకుడు)

జవాబు: ప్రొద్దుటూరు నుంచి ఈ ప్రశ్న రావడం బాగుంది. దసరా పది రోజులూ మీ అమ్మవారిశాల చుట్టూ జరిగే సంబరం చూడటానికి జిల్లాలు దాటి వస్తారు జనం.

నిజమే. మియన్మార్‌లో పగాన్ అనే పాత రాజధాని ఉంది, వేల గుళ్ల ఊరు. అక్కడ పదమూడో శతాబ్దపు తమిళ శాసనం దొరికింది. కేరళ తీరం నుంచి, మహోదయపట్టణం నుంచి పోయిన ఒక వ్యాపారి అక్కడి విష్ణు ఆలయానికి మండపం కట్టించి, తలుపు పెట్టించి, వెలగడానికి దీపం ఇచ్చాడు. గుడి పేరేంటంటే నానాదేశి విన్నగర్! విన్నగర్ అంటే విష్ణువు గుడి. నానాదేశి వ్యాపారుల విష్ణువు, మన నగరేశ్వరుడి మాదిరే సంఘం పేరు దేవుడికి వచ్చింది. ఊరు కాని ఊళ్లో, మాట రాని చోట, ఆ మనిషికి మొదట గుర్తొచ్చింది తలుపూ దీపమూ. నాకు ఆ దానం చాలా ఇష్టం.

సుమత్రాలో బారుస్ దగ్గర 1088 నాటి తమిళ శాసనం అయిదువందలవాళ్లదే. వచ్చిన ఓడవాళ్లు కస్తూరి ధర లెక్కన ఇంత బంగారం కట్టాలని అందులో ఉంది. చైనాలో చువాన్‌జౌ రేవులో 1281లో శివుడి గుడి నిలిపారు, చైనాను ఏలుతున్న ఖాన్ అనుమతితో, ఆయన క్షేమం కోరుతూ. ఆ గుడి ఇప్పుడు లేదు, కానీ దాని రాళ్లు ఆ ఊళ్లో ఇంకా ఉన్నాయి, ఒక బౌద్ధాలయం వెనక స్తంభాల మీద కృష్ణుడి బొమ్మలు చూడొచ్చు. భాష తమిళం కాబట్టి అవన్నీ తమిళులవే, మనకేంటి అనుకోవద్దు. అయిదువందలవాళ్ల సంఘంలో అన్ని దేశాలవాళ్లూ ఉన్నారు, పెక్కండ్రు అన్న మన మాట అక్కడిదే.

ఇప్పుడు మొదటి పాఠకుడి బండ దగ్గరికి వస్తాను.

కిందటేడు ఒక ఊరికి పోయాను, పేరు చెప్పను. గుడి ముందు శాసనం ఉందని తెలిసి పోతే, దానికి సిల్వర్ పెయింట్ రెండు పూతలు వేసి, పైన దాతల పేర్లు ఎర్రరంగుతో రాయించారు. పాత అక్షరాల గాళ్లలో పెయింట్ గట్టిగా దిగిపోయింది. వేలు పెట్టి తడిమితే 'శ్రీ' ఒక్కటి తెలుస్తోంది, మిగతాది నున్నగా ఉంది. అక్కడే మెట్లమీద కూర్చుండిపోయాను, లేవబుద్ధి కాలేదు. చేసినవాళ్లు చెడ్డవాళ్లు కాదు, గుడి కళకళలాడాలని చేశారు. ఎవరూ ముందు చెప్పలేదు, అంతే.

అందుకని మీ కమిటీవాళ్లతో గొడవపడకండి, కూర్చోబెట్టి మాట్లాడండి. మీ జిల్లాలోనే యర్రగుంట్ల మండలం కలమళ్లలో చెన్నకేశవస్వామి గుడి ఆవరణలోనే కదా తొలి తెలుగు శాసనం దొరికింది, రేనాటి చోళుల కాలంది, 575 ప్రాంతంది. తెలుగువాళ్లందరూ చెప్పుకునే ఆ శాసనం కూడా చూడటానికి మామూలు బండే. ఈ ఒక్క మాట చెప్పండి, కడప జిల్లావాళ్లు ఎవరైనా ఆగి వింటారు.

బండకు సున్నం, పెయింట్, సిమెంటు ఏదీ తగలనివ్వకండి. యాసిడ్‌తో కడగొద్దు, గీకొద్దు, అక్షరాలు కనబడాలని మేకుతో లోతు చేయొద్దు. మామూలు నీళ్లు, మెత్తని బ్రష్, అంతే. గ్రానైట్ వేయకతప్పదంటే బండ చుట్టూ మూరెడు జాగా వదలమనండి, దాని కాలు నేలలో ఎంత లోతుందో ఎవరికీ తెలియదు, జేసీబీతో లాగితే మధ్యకు విరుగుతుంది. తర్వాత పొద్దున ఏడు గంటలప్పుడో, సాయంత్రం ఎండ వాలినప్పుడో ఫోటోలు తీయండి, పక్కనుంచి వెలుతురు పడితే అరిగిపోయిన అక్షరం కూడా పైకి తేలుతుంది, మధ్యాహ్నం తీస్తే ఏమీ కనబడదు. నాలుగు వైపులా తీయండి, చాలాసార్లు శాసనం వెనకవైపు కూడా నడుస్తుంది. పైన సూర్యుడు, చంద్రుడు, నంది, కత్తి, తక్కెడ లాంటి బొమ్మలేమైనా ఉంటే విడిగా దగ్గరినుంచి తీయండి. ఆ ఫోటోలు మైసూరులో ఉన్న భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ శాసన విభాగానికి ఒక ఉత్తరం జతచేసి పంపండి, ఊరు, మండలం, గుడి పేరు స్పష్టంగా రాయండి. వాళ్ల పనే అది, తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది అచ్చు తీసుకుంటారు, బండకు ఏమీ కాదు.

మాకు కూడా ఒక సెట్టు పంపండి. నకరం, పెక్కండ్రు, మగమ, ఈ మూడు మాటల్లో ఒక్కటి అందులో కనబడినా సరే నేను బస్సెక్కి మీ ఊరికి వస్తాను. గ్రానైట్ లారీ వచ్చేది ఎప్పుడో రాయలేదు మీరు, ఉత్తరం చేరిన రోజే ఈ ఫోటోల పని మొదలుపెట్టండి.